ఆమె ఆగుదామంది

ఈ బరువు దించుకోవాలని ఏళ్ళుగా అనుకుంటున్నాను. అప్పుడు నాకు రాయడం రాదు. ఒకరి చేత రాయించే సంగతి కాదిది. అందరూ కంప్యూటర్ కోర్సులకు వచ్చే అమీర్‌పేటలో, మనవరాలు పుట్టాక, నేను సాయంత్రం బడికి వెళ్ళి అ, ఆలు దిద్దాను. ఇంక సాకు లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

పంజాగుట్టలో ఒక కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చేసేదాన్ని. అక్కడికి వచ్చిన ఒక అమ్మాయికి తొలి కాన్పు. అది ఎలా జరగాలో ముందే డాక్టరమ్మతో మాట్లాడుకుని వచ్చింది. నొప్పులు వస్తే నడుస్తుందట. బిడ్డకు ప్రమాదం లేనంతవరకు ఆగుదామంది. కోత తప్పకపోతే ముందు తనకు చెప్పాలంది. డాక్టరమ్మ సరేనంది. నేను లోలోపల నవ్వుకున్నాను.

నొప్పులు మొదలయ్యాక ఆ అమ్మాయి అత్తగారు నన్ను వరండాలోకి పిలిచింది. మధ్యాహ్నం దాటితే మూల నక్షత్రం వస్తుందట, తండ్రికి గండమట. కోడలి ముచ్చట కోసం నక్షత్రం ఆగుతుందా అంది. డాక్టరమ్మ తన మాట వినదు కాబట్టి, ఆలోపే ఆపరేషన్‌కు ఒప్పుకునేలా కోడలికి నన్ను చెప్పమంది. బలవంతం చేయలేదు. అడిగింది, అంతే.

నేను లోపలికి వెళ్ళి ఆ అమ్మాయి నడుము రుద్దుతూ అన్నాను.

“బిడ్డా, పొట్టల పాప గుండె జర మెల్లగ కొట్టుకుంటుందంట. నువ్వు భయపడ్తవని చెప్తలేరు. ఆపరేషన్ చెయ్యమని నువ్వే అడుగు. నేను చెప్పిన్నని తెలిస్తే నా నౌకరి పోతది.”

“నిజంగానా ఆయమ్మా?”

“నీతోని అబద్ధమెందుకు చెప్త?”

డాక్టరమ్మ రాగానే, కారణం చెప్పకుండా, ఆపరేషన్ చేసేయమని ఏడ్చింది. నొప్పులు ఓర్వలేక మనసు మార్చుకుందనుకుని, మళ్ళీ మళ్ళీ అడిగి, చివరికి డాక్టరమ్మ ఒప్పుకుంది. నేను గోడ పక్కనే ఉన్నాను. అప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పలేదు.

నక్షత్రానికి భయపడ్డానా? చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. రాస్తుంటే వేరే మాట వస్తోంది. నా కాన్పుల్లో నన్నెవరూ ఏమీ అడగలేదు, ఎలా పడుకోమంటే అలా పడుకున్నాను, అరిస్తే కసిరారు, అలాంటిది ఈ పిల్ల తనకేం కావాలో చెబుతుంటే అంత పెద్ద డాక్టరు తలూపుతూ వినడం చూసి ఓర్వలేకపోయానా? ఓర్వలేకపోయాను.

రెండో కాన్పుకూ మా దగ్గరికే వచ్చింది. ఈసారైనా మామూలు కాన్పు కావాలంది. మొదటి కోత ఉన్న తీరు చూసి కుదరదన్నారు. పోనీలే, ఆ రోజు ఆయమ్మ చెప్పబట్టే నా కూతురు దక్కిందని నర్సులందరికీ చెప్పింది. పాప పుట్టినరోజులకు శ్రీనగర్ కాలనీలో వాళ్ళింటికి పిలిచి నా చేత అక్షింతలు వేయించేది. నేను వేసేదాన్ని.

నిన్న ఇంతవరకు రాశాను. ఈ పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె స్టవ్ వెలిగించి టీ పెట్టబోయింది. వద్దని, అంతా చెప్పేశాను. “అయితే ఆ రోజు పాపకేం కాలేదా?” అంది. ఏమీ కాలేదన్నాను. స్టవ్ కట్టేసి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

క్షమించమని నేను అడగలేదు. మెట్లు దిగి వచ్చేశాను. ఊపిరి మాత్రం ఆడింది.