కెంచార్లహళ్ళి బావిలో దేవుణ్ణి వెతికిన వైనం

చింతామణిలో పుట్టి స్కూబా డైవింగ్ నేర్చుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. మా తాలూకాలో వెయ్యి అడుగులు బోరు వేసినా దుమ్మే వచ్చేది. మామూలు కోర్సుతో ఊరుకోక, మసక నీళ్ళలో మునిగిపోయిన వస్తువును వెతికి పైకి తెచ్చే ప్రత్యేక కోర్సు కూడా అండమాన్‌కు పోయి చేసొచ్చాను. గర్వంగా సర్టిఫికెట్టు చూపిస్తే అమ్మ, "తాగే నీళ్ళకే ట్యాంకరు కోసరం కాసుకోనుండాము, నువ్వు మునిగేది నేర్చుకోనొచ్చినావా?" అంది.

ఆ ఏడు అమ్మ పుట్టిల్లు కెంచార్లహళ్ళిలో వానల్లేవు. వాన రావాలంటే ఊరి గుడిలోని స్వామిని నీళ్ళలో ఉంచడం అక్కడి ఆనవాయితీ. మా మేనమామే పూనుకుని, మూరెడు రాతి విగ్రహానికి తాడు కట్టి తన బావి అడుగున మిగిలిన కాసిన్ని నీళ్ళలోకి దించాడు. వాన పడింది. పడుతూనే ఉంది. బావి నిండిపోయింది, తాడు కుళ్ళి తెగింది. ఊరి ఈతగాళ్ళు దూకి, బురద నీళ్ళలో ఏమీ కనబడక పైకొచ్చేశారు. జాతర దగ్గరపడింది. దేవుణ్ణి పోగొట్టాడని మామతో ఊళ్ళో ఎవరూ మాట్లాడటం లేదు. ఆయన సరిగ్గా అన్నం తినడం లేదు.

నాకు కబురొచ్చింది. బెంగళూరు నుంచి సిలిండరుతో బస్సెక్కితే కండక్టరు అడ్డుపడ్డాడు.

"గ్యాసు ఎక్కించకూడదప్పా."

"గ్యాసు కాదు, ఉత్త గాలి."

"గాలా? మీ ఊర్లో లేదా?"

ఒళ్ళు మండినా, సిలిండరుకూ ఒక టిక్కెట్టు కొని కూర్చున్నాను.

ఆ కోర్సు విలువ బావిలో తెలిసింది. వట్టి మామూలు కోర్సయితే కాళ్ళాడించి బురదంతా లేపేసేవాణ్ణి. నేర్పినట్టే నడిమధ్య బరువు దించి, దానికి కట్టిన తాడును కొద్దికొద్దిగా వదులుతూ గుండ్రంగా తడుముతూ పోయాను. ఒక బిందె, ఒక చెప్పు, ఎవరిదో సైకిలు చక్రం. చివరికి రాతి ముక్కు తగిలింది. నీళ్ళలోనే దణ్ణం పెట్టుకున్నాను. విగ్రహానికి సంచి కట్టి అందులోకి సిలిండరు గాలి వదిలితే, స్వామి నాకన్నా ముందే పైకి తేలాడు.

గట్టు మీద మామ విగ్రహాన్ని కావలించుకుని ఏడ్చాడు. అంతలో ఒక పెద్దాయన ముందుకొచ్చాడు.

"రాగి పైరు ఇంకా పాలు పోసుకోవల్ల. ఇంకొక్క వాన కావల్ల. జాతర ఆనక చేసుకుందాము. స్వామిని మళ్ళా దించప్పా."

అందరూ అవునన్నారు. నిన్నటిదాకా మామ మొహం చూడనివాళ్ళు ఇప్పుడు ఆయన్నే బతిమాలుతున్నారు.

మామ చేలో ఉన్నదీ రాగే. ఆయన లేచి విగ్రహాన్ని భుజానికెత్తుకున్నాడు.

"నా రాగి ఎండిపోతే పోనీ. అడిగింది ఇచ్చినోణ్ణి మళ్ళా ముంచేది నా చేత కాదు" అని, తడిసిన చొక్కాతోనే గుడివైపు నడిచాడు.