బావ ఆటో ఆపిన రెండు నిమిషాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బండెక్కితే మరీను. ఆ రోజుల్లో నాచారంలో అద్దెకుండి మల్లాపూర్‌లో లేత్ పనికి వెళ్లేవాణ్ని. దారిలో మా ఆరేళ్ల బిడ్డను బడి దగ్గర దింపేవాణ్ని. ఒక పొద్దున కారువాడొకడు అడ్డంగా దూరాడని, వెనకాల పిల్ల ఉందన్న సోయి లేకుండా వాణ్ని తరిమాను. బండి ఒరిగింది. పిల్లకు మోచేయి గీసుకుపోయింది. అంతటితో ఆగానా? లేచి నిలబడి, అది వింటుండగానే నానా బూతులూ తిట్టాను.

మర్నాటి నుంచి అది నా బండెక్కలేదు. "నేను అమ్మతోని నడుసుకుంట పోత బాపూ" అంది. ఎండలో రోడ్డు వారన నడుస్తున్న ఆ ఇద్దరినీ దాటి రోజూ బండి మీద పోతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

మా బావ, అంటే అక్క భర్త, ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్‌కు సెవెన్ సీటర్ ఆటో నడిపేవాడు. ఎవరేమన్నా పలకడని, మెతక మనిషని నేను ఎగతాళి చేసేవాణ్ని. ఒక ఆదివారం ముందు సీట్లో ఆయన పక్కనే ఇరుక్కుని కూర్చున్నాను. వెనకంతా జనం. బోడుప్పల్ దాటాక ఒక టిప్పర్ మమ్మల్ని మట్టిలోకి నెట్టేసింది. పైగా దాని డ్రైవరే తల బయటపెట్టి బావ తల్లిని తిట్టాడు. కాస్త ముందు, ట్రాఫిక్‌లో ఆ టిప్పర్ ఆగిపోయింది.

"పోనియ్ బావ, దొరికిండు!" అన్నాను.

బావ ఆటోను పక్కకు తీసి ఇంజన్ బంద్ చేశాడు. వెనక్కి తిరిగి, "జర మాఫ్ జేయున్రి. నాకు మస్తు కోపమొచ్చింది. చేతులు వణుకుతున్నయ్. రెండు నిమిషాలు ఆగి తోల్త" అన్నాడు.

నేను నోరు తెరుచుకుని చూశాను. ఒక మగవాడు, అదీ నడిరోడ్డు మీద, పదిమందికి ఆ మాట చెప్పడం నేనెన్నడూ వినలేదు. జనం గొణుగుతారనుకున్నాను. కూరగాయల గంపతో కూర్చున్న ముసలమ్మ నీళ్ల సీసా అందించి, "తాగు బిడ్డా, నిమ్మలంగనే పోదాం" అంది.

బావ సీసా అందుకుని తాగుతుంటే సగం నీళ్లు చొక్కా మీదే ఒలికాయి.

"నీకు కోపం రాదనుకున్న బావ."

"రాకపోవుడేంది రా! నీకంటె ఎక్కువొస్తది. అది దిగెదాంక హ్యాండిల్ ముట్ట, గంతే. ఎన్కల గింతమంది ఉన్నరు గద."

ఆయన పక్కన కూర్చోవడానికి కూడా నేను తగననిపించింది. పెళ్లయిన నాటి నుంచి చూస్తున్న మనిషిని అప్పుడే కొత్తగా చూశాను.

వానాకాలంలో నా భార్యకు జ్వరమొచ్చింది. గత్యంతరం లేక పిల్ల నా బండెక్కింది. నాచారం చౌరస్తాలో ఒక బస్సు మా ఇద్దరి మీదా బురద చిమ్మి పోయింది. వెనక నుంచి నా చొక్కా పట్టుకున్న చిన్న పిడికిలి బిగిసింది.

బండిని కిరాణా కొట్టు ముందు ఆపాను. "బిడ్డా, నాకు కోపమొచ్చింది" అన్నాను.

పిల్ల దిగి, ముందుకొచ్చి నా ముఖంలోకి చూసింది.

"పోయిందా బాపూ?"

"ఇంక జర ఉంది."

"గట్లయితే ఆగుదాం" అని నా చేయి పట్టుకుని నిలబడింది. ఇంతలో బడి గంట వినిపించింది. అయినా అది కదల్లేదు. కాసేపటికి, వణుకు ఆగిన నా వేళ్లు తడిమి చూసి, నేను చెప్పకముందే, తనంతట తనే బండెక్కి కూర్చుంది.