వెనక నుంచి వచ్చే వాన

బావ పోయాడన్న కబురు మా కుటుంబం గ్రూపులో వచ్చింది. అప్పుడు నేను మహదేవపురలో ఆఫీసు క్యాంటీన్‌లో టిఫిన్ ముందు కూర్చుని ఉన్నాను. "అన్న మనల్ని వదిలి వెళ్ళిపోయినాడు" అని బావ తమ్ముడు పెట్టాడు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వచ్చి పడ్డాయి. అక్క ఫోన్ ఆ తర్వాత వచ్చింది. ఏడవలేదు. "ఫ్రీజర్ పెట్టె కావాల్నా అని అడగతా ఉండారు, నువ్వే మాట్లాడప్పా" అంది.

మా అక్క భర్త గురించి మీకు రెండు మాటలు చెప్పాలని ఇది రాస్తున్నాను. పేరున్న మనిషి కాదు. చందాపురలో ఒక ఫ్యాక్టరీలో స్టోర్ చూసుకునేవాడు. మదనపల్లె వైపు నుంచి వాళ్ళ నాన్న కాలంలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోపం వస్తే రెండూ కలిపి. సినిమా అంటే ప్రాణం. హాల్లో మన పక్కన కూర్చుంటే ఒక్క మాట మాట్లాడనిచ్చేవాడు కాదు. పాప్‌కార్న్ నమిలినా ఊరుకోడు.

ఆయన కళ్ళను షుగరు తినేసింది. ఇంజెక్షన్లు అయ్యాయి, లేజర్ అయింది. చివరికి డాక్టరు కంప్యూటర్ వైపు చూస్తూనే, "వెలుతురు ఒక్కటీ కొన్నాళ్ళు తెలుస్తుంది" అని, బయట కూర్చున్న తర్వాతి పేషెంటును పిలిచాడు. ఫ్యాక్టరీవాళ్ళు శాలువా కప్పి పంపించారు. బహుమతిగా గోడ గడియారం ఇచ్చారు. అక్క ముఖం మాడ్చుకుంటే బావ నవ్వాడు. "పోనీలే, టిక్కు టిక్కు ఇనుకుంటా" అన్నాడు. గోడకు తగిలించాక తెలిసింది, అది చప్పుడు చెయ్యని రకం.

ఆ నెలలోనే, ఇంట్లోకి సరౌండ్ స్పీకర్లు కావాలన్నాడు. చుట్టాలు వినోదం చూసినట్టు చూశారు. రెండు వీధుల అవతల ఉండే ఆయన తమ్ముడు అందరి ముందూ అనేశాడు.

"కళ్ళు పోతా ఉంటే ఎవురైనా కర్ర కొంటారన్నా. నువ్వు స్పీకర్లు కొంటావా?"

"కర్ర వీధిలోకిరా. ఇంట్లోకి ఇవి" అన్నాడు బావ.

నన్ను వెంటబెట్టుకుని నగర్తపేట వెళ్ళాడు. ఇరుకు మెట్లెక్కితే పైన ఒక ఆడియో షాపు. అక్కడివాడు మమ్మల్ని చూడగానే ఒక పెద్ద సెట్టు ముందుకు లాగాడు. "పాటకు తగినట్టు కలర్ కలర్ లైట్లు వస్తాయి సార్" అన్నాడు.

"లైట్లు నా బామ్మర్దికి చూపించప్పా. నాకు వాన ఇనిపించు" అన్నాడు బావ.

షాపువాడికి అప్పుడు అర్థమైంది. గొంతు తగ్గించి నాతో, "ఈయనకి ఒక రేడియో చాలదా సార్?" అన్నాడు. తగ్గించాననుకున్నాడు గానీ బావకు వినపడింది. ముఖం ఒక్కసారి వడలింది. తర్వాత స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. ఆయన బాంబులూ ఫైటింగులూ పెట్టనివ్వలేదు. ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీను పెట్టమన్నాడు, తర్వాత వాన. మాటలు బురదగా వినిపించిన సెట్లన్నీ పక్కన పెట్టించాడు. ఆ రోజు ఆయన చెప్పింది మీలో ఎవరైనా తక్కువ ఖర్చులో ఇంటికి ఇలాంటివి కొనేటప్పుడు పనికొస్తుంది. "మాట మధ్య పెట్టెలోనుంచి వస్తాది, డబ్బు దాని మీద పెట్టల్ల. వెనకనుంచి వాన వచ్చే పెట్టెలు చిన్నవైనా ఏం కాదు." ముందు పెట్టే మూడు పెట్టెలూ ఒకే కంపెనీవి తీసుకున్నాడు, అప్పుడే గొంతు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు పోతున్నా మారదని. వాటిని నడిపే యాంప్లిఫయర్ పాతది దొరికింది. వెనక పెట్టడానికి ఓ మూల పడి ఉన్న చిన్న జత ఎంచుకున్నాడు. అందులో ఒకదాని గుడ్డ చిరిగి ఉంది. ఆ సంగతి చెప్పాను.

"చిరిగింది కనపడేవాళ్ళకి గదా, తీసుకో" అన్నాడు.

ఇంట్లో కుర్చీకి వెనక అటొకటి ఇటొకటి, చెవి కన్నా కొంచెం ఎత్తులో పెట్టించాడు. కుడి దాని కింద చేతులు కడుక్కునే బేసిన్. ఎడమ దాని పక్కన పెరటి తలుపు, తలుపు దాటితే కిందికి రాతి మెట్లు. మొదటి వాన మొదలైనప్పుడు బావ అరచెయ్యి చాపాడు, తడుస్తుందేమో చూసుకున్నట్టు. "గట్టిగా మోగితే మంచిది అనుకుంటారు జనం. అది కాదు బామ్మర్దీ. ఎంత దూరంలో ఉండాదో తెలియల్ల" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఈ ఊరి హారన్ల మధ్య ఉండి కూడా, ఏది దగ్గరో ఏది దూరమో చెవితో విడదీసి వినడం నాకు ఆయన వల్లే వచ్చింది. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

వెలుతురు కూడా పోయాక ఆయన పాత సినిమాలే పెట్టించుకునేవాడు. అన్నీ కంఠతా వచ్చు. ఏ కారు ఏ వైపుకు పోతుందో, ఏ తలుపు ఏ మూల మూసుకుంటుందో ముందే తల తిప్పేవాడు. ఒక సినిమాలో రైలు ఉంది. అది ప్రతిసారీ బేసిన్ వైపుకే వెళ్ళిపోయేది.

ఒక ఆదివారం తమ్ముడి కుటుంబం భోజనానికి వచ్చింది. బావ స్నానానికి వెళ్ళినప్పుడు తమ్ముడు వెనక స్పీకర్ల తీగలు మార్చేశాడు, కుడిది ఎడమకు, ఎడమది కుడికి. నాకు ఈ సంగతి ఎట్లా తెలుసంటే, అతనే వీడియో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. తెర మీద కారు ఎడమకు పోతుంటే బావ తల కుడికి తిరుగుతోంది. గదిలో పిల్లలూ పెద్దలూ నోళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. బావ నుదురు చిట్లించి, "ఏందో ఈ పొద్దు తిక్కతిక్కగా ఉండాది" అంటున్నాడు. నవ్వు ఇంకా పెరిగింది. అక్క ఆ టైంలో వంటింట్లో అప్పడాలు వేయిస్తోంది.

ఆ వీడియో నేను చూసేసరికే ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు. వీడియో ఆగాక రైలు సీను వచ్చింది. బావ లేచాడు. అది వెళ్ళిన వైపుకు నడిచాడు. అక్కడ బేసిన్ లేదు. పెరటి తలుపు గాలికోసం తీసే ఉంది. తుంటి ఎముక విరిగింది.

మర్నాటికి గ్రూపులో వీడియో లేదు. "అన్న చూసుకోకుండా నడిచినాడు" అని తమ్ముడు వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. చూసుకోకుండా అన్న మాట ఎవరికీ తప్పుగా వినిపించలేదు.

ఆసుపత్రిలో ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాను.

"బావా, వాడు తీగలు మార్చినాడు."

"పడినాక తెల్సింది" అన్నాడు. "అంతకు ముందర ఏమనుకున్యానో తెల్సునా? కండ్లు అయిపోయినాయి, ఇంక చెవులు పోతా ఉండాయి అనుకున్యా. రైలు ఎడమకు పోతే బేసిన్ కూడా ఆ పక్కనే ఉండల్ల గదా. బేసిన్ చేతికి తగిల్తే చెవులు పోయినట్టే, పోయి తడిమి చూద్దామని లేచినా. మెట్ల మీద పడినాక తెల్సింది, నా చెవులు బాగానే ఉండాయని."

ఆ ఆఖరి మాట అన్నప్పుడు ఆయన ముఖంలో సంతోషం కనిపించింది. ఆ ముఖాన్ని నేను మరిచిపోలేను.

"వాణ్ణి అడగతా" అన్నాను.

"వద్దు. అడిగితే వాడొచ్చి నా కాళ్ళ మీద పడి ఏడస్తాడు. వాణ్ణి ఓదార్చేంత ఓపిక నాకు లేదు."

ఎముక అతుక్కోలేదు. మంచం మీద పుండ్లు పడ్డాయి. షుగరు ఉన్న ఒంట్లో పుండు మానదు. స్పీకర్లు పెట్టనా అని అక్క అడిగితే, ఆ గది నుంచి ఈ గదికి వాన రాదు లేమ్మీ అన్నాడట. వాసన వస్తోందని చుట్టాలు గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి పోయేవాళ్ళు. ఎవరు ఎంత దూరంలో నిలబడ్డారో ఆయనకు తెలిసేది. పేరు పెట్టి పిలిచి, "అక్కడే ఉండు, ఇనపడ్తా ఉండాది" అనేవాడు.

పోయిన రోజు అందరికన్నా గట్టిగా ఏడ్చింది తమ్ముడే. పాడె ముందు కొమ్ము అతనే పట్టాడు. ఓదార్చే పని ఇంటికొచ్చిన ఆడవాళ్ళ మీద పడింది.

కర్మలు అయ్యాక అతను అక్కతో, "ఇంక ఆ స్పీకర్లు ఎవరు ఇంటారు వదినా, దుమ్ము పట్టిపోతాయి" అన్నాడు. అక్క తల ఊపింది. ఆటో తెచ్చి అన్నీ పట్టుకుపోయాడు.

ఒక సాయంత్రం అక్క చేసిన బొబ్బట్లు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. క్రికెట్ చూస్తున్నాడు. "రాప్పా, ఇట్ల మధ్యలో కూర్చో, ఈడైతే చుట్టూ ఇనపడ్తాది" అని పక్కకు జరిగాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఎవరో సిక్సర్ కొట్టారు. వెనక గోడ మీద చిరిగిన గుడ్డ అదిరింది. స్టేడియం మొత్తం లేచి అతని వీపు వెనక చప్పట్లు కొట్టింది. అతను సోఫాలో వెనక్కి వాలి, హాయిగా కళ్ళు మూసుకున్నాడు.