అక్కను మంచం దిగనివ్వని హత్యకథలు

నేను చదివే నవలలన్నీ దాదాపు ఒకే నమూనాలో ఉంటాయి. ఒక చలి ఊరు, అందులో ఒక ఊలు దుకాణం, దాని యజమానురాలు, ఒక పిల్లి, ఒక శవం. నెత్తురు కనిపించదు. పోలీసులకు అంతుపట్టనిదాన్ని స్వెటర్లు అల్లుకునే ఆడవాళ్లు టీ తాగుతూ తేలుస్తారు. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో యంత్రాల మరమ్మతు నా పని. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వెళ్లి వస్తాను. ఇంగ్లీషు మెరుగుపడుతుందని ఆ దారిలో ఫోన్‌లో ఈ నవలలు మొదలుపెట్టాను. చివర్లో ప్రతిదానికీ ఒక కారణం దొరుకుతుంది కాబట్టి కొనసాగించాను.

పోయినేడాది అక్క కాన్పుకని కౌతాళం నుంచి ముందుగానే మా ఇంటికి వచ్చింది. అంతకుముందు ఒక బిడ్డ ఆరో నెలలో కడుపులోనే పోయింది. ఎందుకో డాక్టరమ్మ చెప్పలేకపోయింది. ఈసారి మంచం దిగవద్దని మాత్రం గట్టిగా చెప్పింది. అక్క ఒక చోట ఉండే మనిషి కాదు. ఒకసారి వాకిలి ఊడుస్తూ దొరికింది, ఇంకోసారి బిందె ఎత్తుతూ. అందుకని సాయంత్రాలు ఆ నవలలను తెలుగులో చదివి వినిపించడం మొదలుపెట్టాను. షరతు ఒకటే: లేస్తే కథ ఆగిపోతుంది.

అక్క అనుమానాలకు ఆధారాలతో పని లేదు.

"ఆ యమ్మే సంపింటాది. ఇంటికొచ్చినోళ్లకి టీ గూడా ఇయ్యలేదు సూడు."

"టీ ఇయ్యకుంటే హంతకురాలా?"

"మా ఆడబిడ్డను నువ్వు సూళ్లేదులే."

వినీ వినీ తనకూ అల్లాలనిపించింది. ఆదోనిలో సూదులు, పసుపు రంగు ఊలు కొనుక్కొచ్చాను. వీడియోలు చూసి నేర్చుకుంది. చేతిలోది చిన్న టోపీలా తయారవుతుండగా అమ్మ కంట పడింది. మా ఇంట్లో బిడ్డ పుట్టకముందు కొత్త బట్ట కొనరు, కుట్టరు. పుట్టాక పాత చీరల మెత్తటి గుడ్డల్లో చుడతారు.

"కడుపులో ఉండంగానే టోపీలా? పోయినసారి పడింది సాల్లేదా నీకు?" అంది అమ్మ.

అక్క ముఖం మారింది. అయినా వెంటనే నా వైపు చూపించింది.

"బిడ్డకని ఎవురు సెప్పినారు? వీనికి."

"వాని తలకాయ అంతేనా?"

"లోపల ఉండే తెలివికి ఇది సాల్లేమ్మా."

అమ్మ నవ్వలేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది: అల్లవచ్చు, పూర్తి చేయకూడదు. రోజూ కథ ఆపగానే అక్క దారం లాగి, టోపీ మొత్తం విప్పి ఉండ చుట్టేది. మర్నాడు మళ్లీ మొదటి వరుస. ఆరో నెల గడిచింది. ఏడో నెలా గడిచింది.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. కారు మాట్లాడుకుని ఆదోని ఆసుపత్రికి వెళ్లాం. ఆడపిల్ల పుట్టింది. బరువు బాగా తక్కువ. నర్సు బయటికొచ్చి, తల చల్లబడకూడదు, టోపీ ఇవ్వమంది.

"ఏమీ తేలేదా? ఇన్ని నెల్లు ఏం సేస్తాండారమ్మా?"

అమ్మ కొంగుముడి విప్పి నా చేతిలో డబ్బు పెట్టింది. నన్ను బజారుకు పంపింది. అది మే నెల. ఊలు టోపీ అడిగితే దుకాణంలో నవ్వారు.

"ఈ ఎండల్లో ఊలు టోపీ ఎవురికన్నా?"

చివరికి నూలు టోపీ ఒకటి దొరికింది. నేను తిరిగి వచ్చేసరికి అమ్మ తను కట్టుకున్న చీర కొంగు చించి బిడ్డ తలకు చుట్టించింది. పాపను వెచ్చగా ఉంచే పెట్టెలో పెట్టారు.

రెండు రోజులు ఎవరూ ఏమీ తేల్చి చెప్పలేదు. అక్క పక్కన కూర్చున్నాను. నవలలో ఒక్క అధ్యాయం మిగిలింది.

"సదవనా?" అని అడిగాను.

"ఎవురు సంపితే నాకేమిరా! పాపకు ఊపిరి ఎట్లుందో కనుక్కోని రా, పో."

వెళ్లాను. వరండాలో డాక్టరమ్మ అమ్మతో మాట్లాడుతోంది. ఊపిరి బాగానే అందుతోందట, పాలు పట్టడానికి తల్లి దగ్గరికి తీసుకెళ్లవచ్చట. నర్సు పాపను తెచ్చింది. అమ్మ చేతులు చాపి, వెనక్కి తీసుకుని, చీరకు తుడుచుకుని, అప్పుడు అందుకుంది.