ఒక్క కాలికే మోగే కడియాలు

మా అత్త వెంకటనర్సమ్మ నడిస్తే ఒక్క కాలే మోగేది. ఎడమకాలు పడితే ఘల్లుమనేది, కుడికాలు పడితే ఏమీ వినబడేది కాదు. నాచారంలో మా గల్లీ పిల్లలు ఆమె వెనకాల ఒంటికాలితో గెంతుతూ వెక్కిరించేవాళ్లు. ఆమె ఆగి, "ఎడమది గాదురా, కుడికాలు మీద గెంతాలె" అని దిద్దేది.

ఆమెది బీబీనగర్ పక్కన పల్లె. మామ నాచారం ఫ్యాక్టరీలో పనికి కుదిరితే వెంట వచ్చింది. చదువు లేదు గానీ, గల్లీలో ఎవరింట్లో ఏ కూర మాడిందో మా వాకిట్లో నిలబడే చెప్పేది. మామ పోయినప్పుడు మెట్టెలు తీసింది. కాళ్లకున్న వెండి కడియాలు మాత్రం తీయనంది. "ఇవి మీ మామ మీది కోపంతోటి ఉంచుకున్నయి. కోపం పోయినంక తీస్త" అంది. ఏం కోపమో చెప్పలేదు.

మొన్న ఎండాకాలంలో ఆమె పోయింది. ఇంట్లో ఆ ఘల్లుమనే చప్పుడే లేకుండా పోయింది. పొద్దున చాయ్ పెడుతుంటే నా చెవులు ఇంకా వాకిటివైపే ఉంటాయి. మా ఆయన కళ్యాణ్‌కు ఒక్క సుఖం మాత్రం దొరికింది. ఫోన్లో పేకముక్కలు పరుచుకుని పత్తాలాట ఆడుకుంటూ కూర్చుంటాడు. తల్లి ఉన్న రోజుల్లో ఆ ఘల్లు వినబడగానే ఫోన్ దిండు కిందికి పోయేది.

మాసికం నాడు ఆడబిడ్డ ఉదయశ్రీ ఘట్‌కేసర్ నుంచి వచ్చింది. కడియాలు చేతిలోకి తీసుకుని, "ఇవి మా అమ్మమ్మ పెట్టినయి. తల్లిగారి సొమ్ము బిడ్డకే గద. కరిగించి నా బిడ్డ స్నిగ్ధకు పట్టీలు జేపిస్త" అంది.

మాలో పద్ధతి అదే. పుట్టింటివాళ్లు పెట్టింది కూతురికి పోతుంది, అత్తింటివాళ్లు చేయించింది కోడలికి వస్తుంది. నాకు వెండి మీద ఆశ లేదు. కరిగిస్తే ఆ చప్పుడు కూడా పోతుందే అని నా బాధ. ఉదయశ్రీ ముందు నోరు విప్పడం నాకు అలవాటు లేదు. అయినా అన్నాను.

"వదినె, ఎవరు జేసిన్రో అడుగుదాం. బీబీనగర్ దిక్కు వెండిపని జేసే అవుసులాయన జేస్తే నీవి. ఉప్పల్ల జేస్తే ఈ ఇంటివి."

"అడుగుదాం పా. నాకేం భయమా?"

కళ్యాణ్‌ను రమ్మంటే తలనొప్పి అన్నాడు. ఇద్దరమే షేర్ ఆటోలో ఉప్పల్ పోయాం. వెండి దుకాణంలో అతను కడియాలు చెవి దగ్గర ఊపి చూశాడు.

"లోపల బోలు. మోగాలని సన్న రాళ్లు వేస్తరు. ఒక్కదాంట్ల వేసి రెండోదాంట్ల మర్చిపోయినట్టున్రు. రాళ్లదానికి తూకంల కోత పడుతది అక్కా" అన్నాడు. ఎవరి పనో తనకు తెలియదన్నాడు. "పాత ఉప్పల్ల బాలాచారి తాతనడగండి. కడియాలు జేసినోళ్లల్ల ఆయనొక్కడే మిగిలిండు."

బాలాచారి కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో ముసలాయన కూర్చుని ఉన్నాడు. చెవులు పనిచేయవు. ఉదయశ్రీ అరిచి చెప్పేసరికి మా ఇంటి పంచాయితీ రోడ్డంతా విన్నది, ఆయన తప్ప. చివరికి కడియాలు చేతిలో పెట్టాం. ఒకటి ఊపాడు. రెండోది ఊపాడు. లోపల రాళ్లు కదలడం అరచేతికి తెలిసినట్టుంది, బోసినోటితో నవ్వాడు.

"నర్సమ్మవి గదా ఇవి. ఇంకా తిడుతదా నన్ను?"

మేం జవాబు చెప్పేలోపే మొదలుపెట్టాడు.

"ఆమె మొగడొచ్చి, మల్లమల్ల చాయ్ తాపి, రాళ్లు మస్తుగ ఎయ్యి మామా అన్నడు. పత్తాలాడుతుంటే పెండ్లాం వచ్చేది దూరంకెళ్లే తెల్వాలె అన్నడు. తెల్లారి ఆమె సకినాలు పట్టుకొచ్చింది. ఒక్క రాయి గూడ వద్దు, సప్పుడు గాకుంట పోయి పట్టుకోవాలె అన్నది. ఇద్దరియి తింటి, ఎవర్ని కాదంట? ఒకదాంట్ల ఏసిన, ఒకదాంట్ల ఎయ్యలే. ఇద్దరూ వచ్చి తిట్టిపోయిన్రు. ఆఖరుకు ఆమె సందు మలుపుకాడ ఎడమకాలు ఎత్తిపట్టుకొని, కుడికాలు మీద గెంతుకుంట పోయి పట్టుకున్నదంట."

ఉదయశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. నాదీ అదే పరిస్థితి. తర్వాత ఆమెకు పంచాయితీ గుర్తొచ్చి మొహం చిన్నబోయింది. "అయితే ఉప్పల్లనే జేసిన్రు" అంది.

ముసలాయన ఆమె మాట వినకపోయినా చెప్పాల్సింది చెప్పాడు. "పని నాది. వెండి మాత్రం ఆమె తల్లి కాళ్లయి. అవ్వి కరిగించే జేసిన."

వెండి పుట్టింటిది, పని అత్తింటిది. ఆటో ఎక్కాక ఉదయశ్రీయే తేల్చింది. "చెరొకటి తీసుకుందాం రాజీ."

"ఆడబిడ్డవు, ముందు నువ్వే తీసుకో వదినె. రాళ్లదానికి కోత పడుతదన్నడు, చూసుకో" అన్నాను.

ఆమె రెండూ ఊపి, మోగనిది సంచిలో వేసుకుంది. "నీకు రాళ్లు మిగిలినయ్" అని నవ్వింది. నేను తల వంచుకుని కొంగు సర్దుకున్నాను.

మరునాడు పొద్దున మడమకు సబ్బు రాసి ఆ కడియాన్ని ఎడమకాలికి ఎక్కించుకున్నాను. చాయ్ గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి నడిచాను. ఘల్లుమంది. కళ్యాణ్ ఫోన్‌ను దిండు కిందికి తోసేసి బుద్ధిగా కూర్చున్నాడు. తర్వాత తలెత్తి నా మొహం చూశాడు, కాలు చూశాడు. కళ్లు తుడుచుకుని గ్లాసు అందుకున్నాడు.

"దాన్ని తియ్యవా ఇంక?" అన్నాడు.

"కోపం పోయినంక తీస్త" అన్నాను.