ముందు గదిలో ముద్దాయి

వారం రోజులుగా మా అపార్టుమెంట్ మెట్ల గోడలకు రంగులు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన తలుపు సందుల్లోంచి వంటింటి దాకా వస్తోంది. ఆ వాసనకు పక్కింటావిడకు తలనొప్పట, కింది ఇంటాయనకు తుమ్ములట. నాకు మాత్రం కుళ్ళు పుడుతుంది. పేరూ ఊరూ ఉన్న కుళ్ళే అది, ఉప్పుగూడ నర్సింగ్ మీద. అతను రంగులు వేసేవాడు, హత్యాయత్నం కేసులో ముద్దాయి, నా పదకొండో ఏట ఆరు నెలల పాటు ప్రతి ఆదివారం మా నాన్నను నా దగ్గర్నుంచి ఎత్తుకుపోయినవాడు.

మాది లాల్‌దర్వాజాలో అమ్మవారి గుడికి రెండు గల్లీల అవతల మూడు గదుల అద్దె ఇల్లు. నాన్నను నేను బాపు అనేదాన్ని. ఆయన క్రిమినల్ కేసులు చూసే వకీలు, వారమంతా కోర్టు, సాయంత్రాలు జైలు ములాఖత్‌లు, మాకు మిగిలేది ఆదివారం ఒక్కటే. ఆ రోజు పొద్దున్నే నన్ను స్కూటర్ ముందు నిలబెట్టుకుని మాంసం దుకాణానికి తీసుకెళ్ళడం, అక్కడి భాయ్‌తో ఉర్దూలో బేరమాడటం, వచ్చే దారిలో కాగితం పొట్లంలో సీమచింతకాయలు కొనిపెట్టడం, ఇంట్లో అమ్మ అల్లం వెల్లుల్లి నూరుతుంటే మేమిద్దరం గచ్చు మీద సుద్దతో గళ్ళు గీసి చింతగింజలతో అష్టాచెమ్మా ఆడటం, ఓడిపోతే బాపు "అప్పీలుకు వోత" అని గంభీరంగా లేచి నిలబడటం, నేను పొట్ట పట్టుకుని నవ్వడం. ప్రపంచంలో అందరికీ ఆదివారాలు ఇలాగే ఉంటాయనుకునేదాన్ని.

నర్సింగ్ వచ్చాక ఆ ఆటలు ఆగిపోయాయి. ఒక సాయంత్రం అజాన్ వేళకు ఉప్పుగూడలో కల్లు కాంపౌండ్ దగ్గర ఒకతని తల మీద ఎవరో ఇనుప రాడ్‌తో కొట్టారు. దెబ్బ తిన్నవాడు చావు తప్పి బతికాడు, పోలీసులు నర్సింగ్ పేరు రాశారు. ఆ వేళకు తను బార్కస్‌లో ఒక ముసలమ్మ ఇంటి కిటికీలకు రంగేస్తున్నానని నర్సింగ్ అంటాడు. శిక్ష పడితే ఏళ్ళకేళ్ళు లోపలే. బెయిలు మీద ఉన్న ఇరవై రెండేళ్ళ మనిషి, పెళ్ళయి ఏడాది కాలేదు. ఇప్పుడు తలచుకుంటే జాలేస్తుంది కానీ అప్పుడు నా దగ్గర జాలి లేదు.

వారమంతా పనికి పోయే నర్సింగ్‌కు మా ఇంటికి రావడానికి వీలయ్యేది ఆదివారమే. బాపుకు ఒక పద్ధతి ఉండేది. విచారణ మొదలయ్యేలోపు ముద్దాయి చేత ఆ రోజును లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా పాతిక ముప్పై సార్లు చెప్పించేవాడు. ప్రాసిక్యూషన్ ఏ సందులోంచి వస్తుందో అప్పుడే తెలుస్తుందనేవాడు. చేతి గడియారం తీసి బల్ల మీద బోర్లా పెట్టి కళ్ళు మూసుకునేవాడు. "పొద్దుగాల లేవంగనే ఏం జేసినవ్? చాయ్ గ్లాసుల తాగినవా, కప్పులనా? ఎవరు పోసిన్రు? గప్పుడు నీ భార్య ఏం జేస్తుండె?" అని నెమ్మదిగా, ఎంతో ఇష్టంగా అడిగేవాడు. టర్పెంటైన్ వాసన కొట్టే చేతులు ఒళ్ళో పెట్టుకుని నర్సింగ్ అన్నీ చెప్పేవాడు, డబ్బాలో ఏ కూర పెట్టుకుపోయాడో, బస్సులో సీటు దొరికిందో లేదో, నిచ్చెనకు ఏ మెట్టు వదులుగా ఉందో, ముసలమ్మ ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్కలు ఎప్పుడు తెచ్చిచ్చిందో, సాయంత్రం అజాన్ వినిపించేసరికి తను ఎక్కడున్నాడో.

పరదా వెనక నిలబడి వినే నాకు ఒళ్ళు మండిపోయేది. నేను ఏ తరగతో బాపుకు తెలియదు. చుట్టాలు అడిగితే ఐదు అనేవాడు, నేను ఆరు. నర్సింగ్ తాగిన చాయ్ గ్లాసు అంచు పగిలి ఉందని మాత్రం తెలుసు. ఎప్పటికైనా నన్నూ అడగకపోతాడా అని నా రోజును కూడా సిద్ధంగా పెట్టుకోవడం మొదలుపెట్టాను. ప్రార్థనలో నా ముందు ఎవరు నిలబడ్డారో, లెక్కల టీచర్ ఏ చీర కట్టుకుందో, గంట కొట్టేసరికి నా కలం ఏ మాట దగ్గర ఆగిందో వరసగా గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చేదాన్ని. ఎవరూ అడిగేవారు కాదు. అమ్మ కూడా "పాపం, పొద్దటి సంది ఏం తిన్నడో పిలగాడు" అంటూ ప్రతి ఆదివారం నాకు వేసే మూలుగున్న నల్లి బొక్కను అతని కంచంలో వేసింది. ఆ రోజు నేను అన్నం తినలేదు, అది కూడా ఎవరూ గమనించలేదు.

ఆషాఢం వచ్చింది. గల్లీ అంతా వేపమండలు, పసుపు, తడిసిన మట్టి, ఇంటింటి ముందూ డప్పు. బోనాల ఆదివారం సాయంత్రం అమ్మవారికి నైవేద్యాలు తీసుకెళ్ళే ఫలహారం బండి మా గల్లీ చివర నుంచే పోయేది, దాని ముందు పోతరాజు వేషగాడు కొరడా ఝళిపిస్తూ ఎగిరేవాడు, ఏటా బాపు నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించేవాడు. ఆ ఏడాది మాత్రం, వచ్చే బుధవారం నుంచి సాక్షుల విచారణ అని ఆ సాయంత్రమే నర్సింగ్‌ను పిలిపించాడు. అమ్మ బోనమెత్తుకుని గుడికి వెళ్ళింది. నేను కొత్త లంగాజాకెట్ వేసుకుని, పూలు పెట్టుకుని, పరదా వెనక నిలబడ్డాను.

నర్సింగ్ ఈసారి, జామకాయలు తిన్నాక మళ్ళీ నిచ్చెనెక్కాననీ, అప్పుడు అజాన్ అయిందనీ చెప్పాడు. అంతకుముందు వారం అజాన్ అయ్యాక జామకాయలు తిన్నానని చెప్పాడు. నేను పరదా తోసుకుని లోపలికి దూకాను.

"బాపు, గీయన అబద్ధాలు జెప్తున్నడు! పోయిన ఐతారం అజాన్ అయినంక తిన్న అన్నడు, ఇప్పుడు ముందుగాల తిన్న అంటున్నడు!"

బాపు కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. ఆరు నెలల్లో మొదటిసారి నిండుగా నన్ను చూశాడు. ఆ చూపు మళ్ళీ పక్కకు పోతుందేమోనని భయమేసి ఇంకో మాట అనేశాను. "అమ్మతోని గూడ అన్నడు, అజాన్ కంటే ముందుగాల్నే ఉప్పుగూడకు వొయిన అని."

ఆ మాట నర్సింగ్ ఎన్నడూ అనలేదు. అన్నాడని బాపు నమ్మితే కేసు అక్కడితో సరి, ఎందుకంటే తనతో అబద్ధమాడినవాడి ఫైలు బాపు ముట్టేవాడు కాదు, అంతకుముందు అలా ఇద్దరికి ఫైళ్ళు వాపసు ఇచ్చి పంపడం నేను కళ్ళారా చూశాను. అదంతా తెలిసే అన్నాను. పోతే పోనీ, జైలుకే పోనీ అనుకున్నాను.

"నర్సింగ్, జర బయట అరుగు మీద కూసో," అని బాపు తలుపు మూసి నన్ను నర్సింగ్ లేచిన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఏ రోజు అన్నాడు, అమ్మ ఎక్కడ నిలబడింది, చేతిలో ఏముంది, ఏ చీర, అతను చెప్పులు విప్పాడా, ముందు ఎవరు మాట్లాడారు, నువ్వు ఏం తింటున్నావు, అని ఒక్కొక్కటే అడిగాడు. అడిగినదానికల్లా నేను జవాబు చెప్పాను, అమ్మ చేతిలో చేట పెట్టాను, చేటలో కందిపప్పు పోశాను, కిటికీ మీద పిచ్చుకను వాలించాను. గల్లీలో డప్పులు దగ్గరికొచ్చాయి, ఫలహారం బండి వచ్చింది, అరుపులు, ఈలలు, బండి వెళ్ళిపోయింది, నేను తల కూడా తిప్పలేదు. బాపు నన్నే వింటున్నాడు. నా బాల్యంలో అంత సంతోషంగా ఉన్న గంట ఇంకొకటి లేదు, సిగ్గు విడిచి చెబుతున్నాను.

చివరికి బాపు గడియారం చేతికి పెట్టుకున్నాడు. "గిన్ని అడిగిన గదా బిడ్డా, ఒక్కదానికన్న యాదికి లేదు అనలే నువ్వు. నిజంగ చూసినోళ్ళు తడబడ్తరు, ముందుది ఎనక జెప్తరు, గా నర్సింగ్ లెక్క."

నాకు ఏడుపొచ్చింది. "నేనే అబద్ధం జెప్పిన బాపు," అన్నాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. బయటికి వెళ్ళి అరుగు మీద నర్సింగ్ పక్కన కూర్చుని చాలాసేపు ఏదో మాట్లాడాడు. కేసు సంగతి అనుకున్నాను. అమ్మ గుడి నుంచి వచ్చాక కూడా ఆమెకు ఏమీ చెప్పలేదు.

బార్కస్ ముసలమ్మ కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పింది, దసరా నాటికి నర్సింగ్ మీద కేసు కొట్టేశారు. అతను మిఠాయి తెచ్చాడు, వద్దంటున్నా వినకుండా మా ముందు గదికి రంగు వేసి వెళ్ళాడు. ఆ రోజుల్లోనే బాపు రాత్రి అన్నం దగ్గర "ఇయ్యాల బడిల ఏమైంది బిడ్డా?" అని అడగడం మొదలుపెట్టాడు. నేను అబద్ధం చెబుతానో లేదో పరీక్షిస్తున్నాడని నా అనుమానం. "ఏం కాలే," అనేదాన్ని కంచంలోకి చూస్తూ. నెలో రెండు నెలలో అడిగి అడిగి మానేశాడు.

బాపు పోయి నాలుగేళ్ళయింది. మొన్న బోనాలకు లాల్‌దర్వాజా వెళ్ళాను. మా ఇల్లున్న చోట మూడంతస్తుల భవనం లేచింది, ముందు గది జాగాలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు, అరుగులన్నీ రోడ్డులో కలిసిపోయాయి, డప్పుల బదులు డీజే మోతకు షట్టర్లు అదురుతున్నాయి. ఆ గుంపులో నర్సింగే నన్ను గుర్తుపట్టి పలకరించాడు. జుట్టు నెరిసింది, ఇప్పుడు అతని కింద పదిమంది పెయింటర్లట. బాపు పేరెత్తగానే రెండు చేతులూ జోడించాడు. ఇక దాచలేక చెప్పేశాను. "అన్నా, గా బోనాల దినం నీ మీద అబద్ధం జెప్పిన. నిన్ను జైలుకు పంపాలనే జెప్పిన."

నర్సింగ్ నవ్వాడు. "నాకు గప్పుడే ఎర్కనే చెల్లె. సార్ గా దినమే అరుగు మీద కూసోని అంత జెప్పిండు. 'తప్పు నా బిడ్డది గాదు నర్సింగ్, నాది. ఆర్నెల్ల సంది దాని దిక్కు సూడనే లేదు. నువ్వు మనసుల వెట్టుకోకు' అన్నడు. కండ్లల్ల నీళ్ళు దీసుకున్నడు చెల్లె."

అన్నం దగ్గర బాపు రోజూ ఎందుకు అడిగేవాడో ఆ గల్లీలో నిలబడి తెలుసుకున్నాను. ఏడుపు వచ్చింది. కానీ దానికంటే ముందు, నలభై దాటిన నాకు, నెరిసిన జుట్టుతో ఎదురుగా నవ్వుతున్న ఆ మనిషి మీద కుళ్ళు పుట్టింది. ఆ మాట బాపు నాతో అనలేదు, అతనితో అన్నాడు.