బతికున్న చిన్నాన్నకు దండ

మొన్న ఆదివారం ఈ దీవుల్లో, విమానాశ్రయం పక్కనే ఉన్న లంబాలైన్‌లో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని చిక్కుళ్ళు వలుస్తుంటే తెర మీద మా చెల్లి కనబడింది. చెల్లి అంటే మా చిన్నాన్న కూతురు. సినిమాల్లో వదినగానో, డాక్టరమ్మగానో వచ్చి నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోయే ఆ మొహం మీకూ తెలిసే ఉంటుంది, పేరే తెలియదు. ఎవరో కుర్రాడు ఇంటర్వ్యూ చేస్తున్నాడు. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి: ‘సునామీలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న నటి’. పళ్ళెం విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. సరిగ్గా అప్పుడే మా కప్పు మీదుగా విమానం దిగడంతో నేను తిట్టిన తిట్లు పక్కింటివాళ్ళ చెవిన పడలేదు, అంతవరకు నయం.

వాళ్ళు పోగొట్టుకున్నది ఇల్లు. ఇక్కడే డిగ్నాబాద్ దిగువన, సముద్రానికి దగ్గరగా ఉండేది. చిన్నాన్న పడవ, వలలు, పిన్ని వంటసామాను, గోడ మీది పెళ్ళి ఫోటో అన్నీ ఆ ఉదయం సముద్రంలో కలిసిపోయాయి. మనుషులు మెరకకు పరుగెత్తి బతికారు. తర్వాత కొన్నేళ్ళు సర్కారు వేసిన రేకుల షెడ్డులో కాపురం. ఎండాకాలం పెనం మీద కూర్చున్నట్టుండేది. వానాకాలం రేకుల చప్పుడు మీద గొంతెత్తి మాట్లాడీ మాట్లాడీ చెల్లికి నాటకాల గొంతు వచ్చేసింది. ఆ రోజుల్లోనే ఎవరో తెలుగు సినిమావాళ్ళు పాట తియ్యడానికి వచ్చారు. హీరోయిన్ స్నేహితురాలిగా వెయ్యాల్సిన అమ్మాయి ఓడ ప్రయాణం పడక మంచమెక్కితే, షూటింగ్ చూడబోయిన మా చెల్లిని నిలబెట్టారు. కొన్నాళ్ళకి హైదరాబాద్ రమ్మని కబురు. ఓడెక్కే ముందు జెట్టీలో చెల్లినీ చిన్నాన్ననీ పిన్నినీ నిలబెట్టి ఫోటో తీసింది నేనే. “ఈ సీరలో వద్దే, బాగోనేదు” అని పిన్ని గొణుగుతూనే ఉంది.

అక్కడ మొదట హిందీ కలిసిన దాని తెలుగుకి నవ్వారు. “సర్, థోడా ఆగండి, అభీ వస్తన్నాను” అంటే నవ్వరా మరి! తెలుగు చదవడం అంతంతమాత్రం కాబట్టి డైలాగులు హిందీ అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేది. తీరా సినిమా వచ్చాక చూస్తే దాని నోట్లోంచి ఇంకెవరిదో గొంతు. అదీ ఓర్చుకుంది. అలా చిన్న వేషాలు వేస్తూ వేస్తూ ఉంటే ఒక పెద్ద సినిమాలో రెండో హీరోయిన్ వేషం దొరికింది. ప్రచారం చూసే పెద్దమనిషి కుటుంబం ఫోటో అడిగితే జెట్టీలో తీసింది ఇచ్చింది.

ఒక సాయంత్రం షెడ్డులో అందరం టీవీ చుట్టూ చేరి ఉన్నాం. ఆ ఫోటోయే తెర మీదకు వచ్చింది. చెల్లిని కత్తిరించేసి, చిన్నాన్నకీ పిన్నికీ కలిపి దండ వేశారు. ముందు దీపం కూడా పెట్టారు. చిన్నాన్న నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. “అరే, నానెప్పుడు సచ్చిపోనానర్రా?” అన్నాడు. పిన్నికి ముందు చీర గురించే కోపం వచ్చింది, చావు గురించి తర్వాత. మేం నవ్వాం కూడా. పక్క షెడ్డు దీదీ మాత్రం నవ్వలేదు. ఒకప్పుడు వాళ్ళు కార్ నికోబార్‌లో దుకాణం నడుపుకునేవాళ్ళు. సునామీకి భర్తా పిల్లలూ ఎవరూ మిగల్లేదు. “భయ్యా, నా పిల్లలకి దండేద్దామంటే నాకాడ ఫోటో అయినా నేదు. మీకు బతికుండగానే ఏసేశారు” అని మెల్లిగా లేచి వెళ్ళిపోయింది. చిన్నాన్న కంచంలోనే చెయ్యి కడిగేశాడు.

చెల్లికి నేనే ఫోన్ చేశాను. “అక్కా, ఇల్లు పోయిందన్నాను, అంతే. కసమ్ సే, ఒట్టు! ఆ ప్రచారం సార్‌ని అడిగితే, సినిమా విడుదలయ్యేదాకా నోరు మూసుకో, ఈ కథ వల్లే జనం నిన్ను చూస్తారు అంటన్నారు” అని ఏడ్చింది. దీదీ అన్న మాట చెప్పాను.

ఆ సినిమా పాటల వేడుకలో దాన్ని వేదిక మీదకు పిలిచి, ‘ఈ అనాథ బిడ్డకు ఇక మనమే అమ్మానాన్న’ అన్నారట. చప్పట్లు. చెల్లి మైకు అందుకుని, ఫోన్ కలిపి, మైకు దగ్గర పెట్టింది. “నాన్నా, ఏం చేస్తన్నావు?” “వల బాగుసేస్తన్నానే. నువ్వు తిన్నావా?” హాలంతా వినబడింది. “మా నాన్న. అమ్మ కూడా ఉంది. నిజంగా పోయినవాళ్ళు మా దీవుల్లో చాలామంది ఉన్నారు సర్, వాళ్ళ చావు నాకు తగిలించకండి” అని దిగిపోయింది.

సినిమాలో దాని వేషం సగానికి పైగా కోసేశారు. అబద్ధమాడినవాడికి ఏమీ కాలేదు. దీనికి పొగరని పేరొచ్చింది. రెండేళ్ళు ఎవరూ పిలవలేదు. ఇక్కడికొచ్చి పిన్నితో చేపలు ఎండబెట్టింది, మళ్ళీ వెళ్ళి ఆడిషన్ల గుమ్మాల్లో నిలబడింది. హీరోయిన్ వేషం మళ్ళీ రాలేదు. ఇప్పుడు వేసేవాటిల్లో గొంతు మాత్రం దానిదే.

మొన్న టీవీలో కూడా అదే సరిదిద్దింది: “మా నాన్న ఉన్నాడండీ.” కుర్రాడు తలూపాడు. కింద అక్షరాలు మాత్రం ఆగలేదు. ఇన్నేళ్ళలో చిన్నాన్నకు చూపు మందగించింది, పిన్ని నడుం వంగింది, చెల్లి జుట్టులో తెలుపు తొంగి చూస్తోంది. ఆ అబద్ధానికి మాత్రం ఒక్క ఏడాదైనా వయసు పెరగలేదు.